మచ్చలేని ఆవు

కెన్యా వాయవ్య మూలన, తుర్కానా కౌంటీలో కకుమా అనే శరణార్థి శిబిరం ఉంది. అక్కడి పిల్లల కోసం నేనొక బొమ్మల పుస్తకం వేశాను. తప్పిపోయిన దూడని వెతుక్కుంటూ బయల్దేరిన అన్నాచెల్లెళ్ల కథ. అందులో ఆవుకి గానీ దూడకి గానీ ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. మరచిపోయి కాదు. చదివి, ఆలోచించి, కావాలనే తీసేశాను.

ఆ చదువు సంగతి చెప్పాలి. విలియమ్ హడ్సన్ అనే పరిశోధకుడు దక్షిణాఫ్రికాలో గీతల బొమ్మలు చూపించి కొందరిని ప్రశ్నలడిగి, ఆ ఫలితాలని 1960లో ప్రచురించాడు. బొమ్మలో ఈటె ఎత్తిన వేటగాడు, దగ్గర్లో జింక, వెనక దూరంగా గుట్టమీద చిన్న ఏనుగు. వేటగాడి గురి దేనిమీద? జింక అన్నవాళ్లకి బొమ్మలో దూరం తెలుస్తోందని, ఏనుగు అన్నవాళ్లకి తెలియడం లేదని ఆయన లెక్కగట్టాడు. 1972లో యాన్ డెరెగోవ్‌స్కీ ఇదే విషయం మీద సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన వ్యాసం కూడా చదివాను. చదివి, పుస్తకాలు లేని ఇళ్ల పిల్లలకి బొమ్మ చూడటం రాదని తీర్మానించుకున్నాను.

అదే డెరెగోవ్‌స్కీ, ఆయన తోటివాళ్లు నైరుతి ఇథియోపియాలో మెఎన్ తెగవాళ్ల దగ్గరికి ముతక గుడ్డమీద జంతువుల బొమ్మలు వేసి పట్టుకెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది ఆ జంతువులేవో చెప్పగలిగారు. కాగితం ఇస్తే మాత్రం కొందరు దాన్ని వాసన చూశారు, నలిపి చప్పుడు విన్నారు. వాళ్లకి కొత్త కాగితమే, బొమ్మ కాదు. ఇదీ చదివాను. అయినా నా నమ్మకానికి పనికొచ్చే ముక్కనే మనసులో ఉంచుకున్నాను. హడ్సన్ బొమ్మలే అరకొరగా ఉన్నాయని తరవాతివాళ్లు చేసిన విమర్శలని పక్కన పెట్టేశాను. పైగా కకుమా పిల్లలు బడికి వెళ్లే పిల్లలు. ఫోన్లు, ఫుట్‌బాల్ పోస్టర్లు చూసే పిల్లలు. అదైనా అడ్డం రావలసింది నాకు.

ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడకుండా వేశాను. నీడలు తీసేశాను. దూరంగా కనిపించే కొండలు తీసేశాను. ఆవుకి దళసరి నల్ల గీత, లోపల ఒకే గోధుమరంగు, తలమీద రెండు పొట్టి కొమ్ములు. ఇదంతా దయ అనుకున్నాను. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌లో చిన్నవాళ్లయిన చిత్రకారులకి దీన్నే పాఠంగా చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

నిజానికి నా చిన్నతనంలో మా ఇంట్లో చందమామ తప్ప వేరే పుస్తకం లేదు. అందులో చిత్రకారుడు శంకర్ వేసిన విక్రమార్కుడి బొమ్మ దగ్గరే ఆగిపోయి, ఆ చీకట్లో ఏమేం దాగున్నాయో వెతుక్కునేవాణ్ణి. నాకోసం ఎవరూ ఆ బొమ్మని తేలిక చెయ్యలేదు.

కకుమా శిబిరం 1992లో మొదలైంది. సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి, ఇథియోపియా మీదుగా నడిచి వచ్చిన అబ్బాయిలు తొలి శరణార్థుల్లో ఉన్నారు. ఇప్పటికీ దక్షిణ సూడాన్‌వాళ్లు అక్కడ చాలామంది. వాళ్లలో డింకా, నుయేర్ జాతులవాళ్లకి పశువే లోకం. ఎద్దు ఒంటిమీద ఏ రంగు ఎక్కడుంది, మచ్చ ఏ తీరులో పడింది అన్నదాన్ని బట్టి విడివిడిగా పేర్లున్నాయి. డింకా భాషలో తెల్లదానికి మబియోర్, నలుపూ తెలుపూ కలిసినదానికి మజోక్, ఎర్రదానికి మలువాల్. మనుషులకీ అవే పేర్లు పెట్టుకుంటారు. పిల్లలు మట్టితో ఆవుల్ని చేసి ఆడుకుంటారు. నాట్యంలో చేతులు పైకెత్తి కొమ్ముల వంపు చూపిస్తారు. మానవశాస్త్రవేత్తలు ఎవాన్స్-ప్రిచర్డ్ 1940లో నుయేర్ల గురించి, లీన్‌హార్ట్ 1961లో డింకాల గురించి పుస్తకాలే రాశారు. నేను వాటి జోలికి పోలేదు. పిల్లల చూపుకి ఏం తక్కువో వెతికాను కానీ, ఆ చూపు దేనిమీద పెరిగిందో వెతకలేదు.

శిబిరంలో శరణార్థులు పశువుల్ని పెంచుకోవడానికి ఆంక్షలున్నాయి. అక్కడే పుట్టిన పిల్లకి తాతగారి మంద అంటే పెద్దవాళ్ల మాటల్లో, పాటల్లో, పేర్లలో విన్నదే. అలాంటి పిల్ల చేతికి ఒక ఆవు బొమ్మ వెళుతోందంటే, ఎంత జాగ్రత్తగా వెయ్యాలి!

పుస్తకం వెళ్లాక అక్కడి టీచరొకరు, ఆయనదీ దక్షిణ సూడానే, మెసేజ్ పెట్టారు. వందకి పైగా పిల్లలున్న తరగతిలో పుస్తకం ఎత్తి పట్టుకుని చదివి వినిపించారట. పిల్లలకి కథ అర్థం కాలేదట. అన్నాచెల్లెళ్లు దారిలో కనిపించిన ప్రతివాళ్లనీ మా దూడని చూశారా అని అడుగుతారు. ఎలా ఉంటుంది మీ దూడ అని ఒక్కరూ తిరిగి అడగరు. రంగు చెప్పకుండా, మచ్చ చెప్పకుండా దూడని ఎలా వెతుకుతారని తరగతంతా అడిగిందట.

మా ఊళ్లో గేదె తప్పిపోతే తాతయ్యని మొదట అడిగేది అదే. ఏ రంగు, కొమ్ములెలా ఉంటాయి, మొహాన బొల్లి ఉందా, చెవికి గంటుందా? ఇది నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసినదాన్ని కూడా ఆ పిల్లల దగ్గరికొచ్చేసరికి వదిలేశాను. వాళ్లకి డబ్బు లేదు కాబట్టి చూపు కూడా లేదనుకున్నాను.

టీచరు పిల్లలు వేసిన ఆవుల ఫొటోలు కూడా పంపారు. నోటుపుస్తకం కాగితం చాలక కొమ్ములు అంచు దాటిపోయాయి. మచ్చలు ఒక్కో ఆవుకి ఒక్కోలా, ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ ఆవులు, దూరానున్నవి చిన్నవిగా. నేను తీసేసినవన్నీ అందులో ఉన్నాయి.

వర్క్‌షాప్‌లో నా మాట రాసుకున్నవాళ్లకి, చిరునామాలు దొరికినంతవరకూ, ఆ ఫొటోలు పంపించి నేను చెప్పింది తప్పని రాశాను. బొమ్మలు మొదటినుంచీ మళ్లీ వేశాను. ఈసారి ప్రతి పశువు రంగూ కొమ్మూ ఆ టీచరుకి చూపించాకే ముందుకెళ్లాను. రెండో ముద్రణలో దూడ నలుపూ తెలుపూ. కథ కూడా మారింది. దారిలో ఎదురైన ముసలాయన ముందుగా, మీ దూడ ఎలా ఉంటుందని అడుగుతాడు. ఆ జవాబు పుస్తకంలో రాయలేదు. పక్క పేజీలో దూడ బొమ్మ చూసి తరగతిలో పిల్లలే చెప్పాలి.