మణికట్టు బిళ్ళ ఆత్మకథ

మణికట్టుకు కట్టుకుంటే కదలికలను రాసుకునే ఈ బిళ్ళ బరువు 11 గ్రాములు, మూడు రూపాయి నాణేలంత. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. గంట చూపదు, అడుగులు చూపదు, మెచ్చుకోలు మోతలు మోగించదు. పుట్టింది మొదలు రాసుకున్నవన్నీ ఎదుటివాళ్ళ కదలికలే కాబట్టి, తన కథ తాను చెప్పుకునేటప్పుడు కూడా 'నేను' అనడం దీనికి అలవాటు కాలేదు.

లోపల ఉన్నది చిన్న సంగతే. వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగుల మీద ఒక సిలికాన్ తునక వేలాడుతూ ఉంటుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్ళు వెనక్కి తూలతారు కదా, చెయ్యి కదిలినప్పుడు ఆ తునకా అలాగే తూలుతుంది. ఎంత తూలిందో విద్యుత్తు చెబుతుంది. సెకనుకు 100 సార్లు, మూడు దిక్కుల్లో. వారం తిరిగేసరికి ఒక్కో దిక్కుకు 6 కోట్ల 4 లక్షల 80 వేల అంకెలు పోగవుతాయి.

ఈ మధ్య ఈ బిళ్ళ కెనడాలోని హామిల్టన్‌లో ఒక తెలుగింటికి వచ్చింది. ఒంటారియో సరస్సు ఒడ్డున, ఉక్కు కార్ఖానాలతో పెరిగిన ఊరది. నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అనే పొడవాటి రాతిగట్టు ఊరిని రెండుగా చీలుస్తుంది. గట్టును ఊళ్ళోవాళ్ళు 'మౌంటెన్' అనే అంటారు. కింది ఊరినీ పై ఊరినీ కలుపుతూ మెట్లదారులు ఉన్నాయి. వెంట్‌వర్త్ దగ్గర 498 మెట్లు, డండర్న్ దగ్గర 326, చెడోక్ దగ్గర 289.

ఇంట్లో మనుమరాలు వ్యాయామ శాస్త్రం చదువుతోంది. లాబ్‌లో అడిగి బిళ్ళను తెచ్చుకుంది. తెనాలి నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న అమ్మమ్మను కూర్చోబెట్టి ఫారం నింపడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, వారంలో ఎన్నిరోజులు వ్యాయామం చేస్తావు?"

"వ్యాయామమా? ఇంటిపనితోనే సరిపోతుంటే ఇంకా అవన్నీ ఎక్కడివే తల్లీ! సున్నా వెయ్యి."

సున్నా పడింది. బిళ్ళ ఆవిడ కుడి మణికట్టుకు, మట్టిగాజుల వెనక చేరింది.

ఆ సున్నా గురించే ఈ బిళ్ళకు గట్టిగా చెప్పాలని ఉంది.

కదలికకూ ఆయుష్షుకూ ఉన్న లంకెను మొదట పట్టుకున్నప్పుడు బిళ్ళలూ లేవు, ఫారాలూ లేవు. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశాడు. రోజంతా సీటుకు అతుక్కుపోయే డ్రైవర్ల కన్నా, పై అంతస్తుకూ కింది అంతస్తుకూ తిరుగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ. కండక్టర్లు ఎవరూ వ్యాయామానికని మెట్లు ఎక్కలేదు. అది వాళ్ళ ఉద్యోగం.

తర్వాత చాలా ఏళ్ళు జనాన్ని అడగడమే పద్ధతి. అలా అడిగిన పెద్ద అధ్యయనాల్లో ఒకదానికి ఈ హామిల్టనే కేంద్రం. మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన పాపులేషన్ హెల్త్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి, కేరళలో పుట్టిన హృద్రోగ వైద్యుడు సలీం యూసుఫ్ నడిపిన 'ప్యూర్' అది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ ఆరోగ్య కేంద్రం కూడా అందులో భాగస్వామి. 17 దేశాల్లో 1,30,000 మందిని అడిగి, సగటున 6.9 ఏళ్ళు గమనించి, 2017లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రకటించారు. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు వంచినవాళ్ళలో మరణాలు తగ్గాయి. ఆటస్థలంలోనా, పొలంలోనా, వంటింట్లోనా అన్న తేడా లేదు. ఇంటిపనినీ, పనికి నడిచివెళ్ళడాన్నీ లెక్కలోకి తీసుకున్నందుకు ఆ అధ్యయనం మీద ఈ బిళ్ళకు గౌరవం.

కానీ జ్ఞాపకానికి ఒక హద్దు ఉంది. అరగంట నడక గుర్తుంటుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని మేడ మీద నుంచి పరుగున దిగిన ఇరవై సెకన్లు ఎవరికి గుర్తుంటాయి? వాటిని ఏ ఫారంలో, ఏ గడిలో రాస్తారు?

ఈ బిళ్ళ జాతి పనికొచ్చేది అక్కడే. 2013 నుంచి 2015 దాకా బ్రిటన్‌లో, యూకే బయోబ్యాంక్ అధ్యయనం కోసం, ఆక్సివిటీ ఏఎక్స్3 అనే ఇలాంటి బిళ్ళలు పోస్టులో ఇళ్ళకు వెళ్ళాయి. 1,03,000 మందికి పైగా వాటిని వారంపాటు కట్టుకుని తిప్పి పంపారు. ఒక చేతి లెక్క దించుకున్నాక అదే బిళ్ళ ఇంకో చేతికి వెళ్ళేది. ఆ చేతుల్లో ఏది తర్వాత చల్లబడిందో బిళ్ళకు తెలియదు. దానికి తెలిసింది ఒక్క వారమే. మరణవార్త ఏళ్ళ తర్వాత ప్రభుత్వ రికార్డుల నుంచి వచ్చి, ఒక నంబరు పక్కన చేరుతుంది.

అలా చేరిన వివరాలతోనే 2022 డిసెంబరులో 'నేచర్ మెడిసిన్'లో ఒక పత్రం వచ్చింది. సిడ్నీకి చెందిన ఇమాన్యుయేల్ స్టమటాకిస్ బృందం రాసింది. సహరచయితల్లో మెక్‌మాస్టర్ ఆచార్యుడు మార్టిన్ గిబాలా ఒకరు. వాళ్ళు ఎంచుకున్నది ఎవరినో తెలుసా? వ్యాయామం చెయ్యం అని చెప్పినవాళ్ళను. అంటే సున్నా వేసినవాళ్ళను. 25,241 మంది.

వాళ్ళలో నూటికి 89 మంది చేతుల మీద బిళ్ళలు వేరే కథ రాశాయి. బస్సు కోసం పరుగు, సంచులతో ఎత్తు ఎక్కడం లాంటివి, ఒక నిమిషమో రెండు నిమిషాలో ఆయాసం తెప్పించే పనులు. రోజుకు మూడుసార్లు అలా జరిగినవాళ్ళలో, అసలు జరగనివాళ్ళతో పోలిస్తే, మరణించే అవకాశం 38 నుంచి 40 శాతం తక్కువగా కనిపించింది. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించే అవకాశమైతే 48 నుంచి 49 శాతం తక్కువ.

ఈ అంకెలు వినగానే ఎగిరి గంతెయ్యకూడదు. లోపల జబ్బు ముదురుతున్న మనిషి ముందే నెమ్మదిస్తాడు. అప్పుడు కదలకపోవడం వల్ల జబ్బో, జబ్బు వల్ల కదలకపోవడమో విడదీయడం కష్టం. తొలి ఏళ్ళ మరణాలను పక్కనపెట్టి మళ్ళీ లెక్క కట్టడం ఇందుకే. పైగా యూకే బయోబ్యాంక్‌లో నూటికి తొంభైమందికి పైగా తెల్లవాళ్ళు. తెనాలి అమ్మమ్మ చెయ్యి ఆ లెక్కలో లేదు. అది ఉండాలని ఈ బిళ్ళ కోరిక.

మెట్ల సంగతిని మాత్రం గిబాలా ప్రయోగశాల విడిగా పరీక్షించి చూసింది. కదలిక తక్కువగా ఉన్న ఆడవాళ్ళ చేత 20 సెకన్ల చొప్పున మూడుసార్లు, వేగంగా మెట్లు ఎక్కించారు. వారానికి మూడురోజులు, ఆరు వారాలు. వాళ్ళ గుండె, ఊపిరితిత్తుల సత్తువ పెరిగింది. ఆ ఫలితాన్ని 2017లో ప్రచురించారు. ఆ మెట్లు ఎక్కడానికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేకపోయింది.

ఇక అమ్మమ్మ వారం. గాజులు తగిలినప్పుడల్లా బిళ్ళకు సన్నని అదురు. పప్పు కడిగేటప్పుడు గుండ్రటి ఊపు. పూజలో హారతి తిప్పేటప్పుడు అదే ఊపు, ఇంకా నెమ్మదిగా. బేస్‌మెంట్‌లో ఆరిన బట్టల బుట్టను రెండు చేతులా పట్టి పైకి తెచ్చేటప్పుడు మాత్రం చెయ్యి పెద్దగా ఊగదు. బుట్ట బరువెంతో బిళ్ళకు తెలియదు. ఇది దీనికున్న లోపం, దాచుకోవలసిన పని లేదు. బుట్ట దించి, పొయ్యి మీద చారు గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తినప్పుడు మాత్రం బిళ్ళ రాసుకునే గీత నిట్టనిలువుగా లేచింది.

ఆదివారం చెడోక్ మెట్ల దగ్గరికి వెళ్ళారు. ఎనభై మెట్ల దగ్గర అమ్మమ్మ రెయిలింగ్ పట్టుకుని ఆగింది. ఊపిరికి చెయ్యి కూడా లేచి పడుతోంది.

"ఆపేద్దామా అమ్మమ్మా?"

"అలిపిరి నుంచి 3,550 మెట్లకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కినదాన్ని. కాస్త ఆగు, వస్తా."

వంగి, మెట్టు మెట్టుకూ రెండుసార్లు బొట్టు పెట్టిన చెయ్యి అది. ఆ రోజున దాని మీద బిళ్ళ లేదు. ఉంటే ఆ గీత ఎలా ఉండేదో అని దీనికి ఇప్పటికీ కుతూహలం. ఆవిడ మూడుచోట్ల ఆగి, 289 మెట్లూ ఎక్కింది.

ఎనిమిదోనాడు మనుమరాలు గీతను లాప్‌టాప్ మీద తెరిచింది. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ముళ్ళలా లేచిన చోట్ల మీద వేలు ఆనించింది. "ఇదేంటే?" "బుధవారం, సాయంత్రం అయిదున్నర." ఆవిడ ఆలోచించింది. "చారు!" ఆ పక్కది, పొద్దున మనుమడి స్కూలు బస్సు. ఇంకోటి, వాకిట్లో మంచు ఊడ్చింది. ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచింది.

"ఆ కాయితం ఇలా ఇవ్వు" అని సున్నా కొట్టేసింది. "ఇక్కడ ఏం రాయను?"

మనుమరాలు ఆ గడి వంక చాలాసేపు చూసింది. తర్వాత బిళ్ళలోని పాత వారాన్ని తుడిచి, ఛార్జింగ్‌కు పెట్టింది. సోమవారం ఉదయం 10 గంటలకు మళ్ళీ మొదలు. ఈసారి కట్టుకోబోయేది ఆమె తల్లి. ఆవిడ ఫారంలోనూ అదే ప్రశ్న దగ్గర సున్నా ఉంది.