ఎవర్నడిగి మార్చారు?

మా రోజుల్లో అక్షరం విరిగితే ఆ ఒక్క అక్షరమే విరిగేది. సీసపు అక్షరాల కాలం సంగతి. చల్లపల్లి సెంటర్లో ట్రెడిల్ మీద కరపత్రాలూ శుభలేఖలూ వేసేవాళ్లం. కేసులో ఒత్తులకు వేరే అరలు. ప్రూఫులో ఒక ఒత్తు సగమే పడిందనుకోండి, ఫ్రేము వదులు చేసి, దాన్ని పైకి లాగి, ఇంకోటి పెట్టి బిగిస్తే పని మళ్లీ నడిచేది. మా దగ్గర ఒత్తు విరిగిందని బెజవాడలో ఇంకో ప్రెస్సు ఆగిన రోజు లేదు.

మరి 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి ఎవరైనా 'జ్ఞా' అని మెసేజ్ పంపితే ఆ మెసేజ్ చూపించే యాప్ అక్కడికక్కడే మూతపడేది. నోటిఫికేషన్‌లో ఆ అక్షరం వచ్చిందా, ఫోన్ మొత్తం ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగేది. మనం మామూలుగా టైపు చేసే జ్ఞా కాదది. ఞ ఒత్తుకీ దీర్ఘానికీ నడుమ కంటికి కనపడని గుర్తొకటి ఇరుక్కుంటే వచ్చేది. ఆ వరసని తెరమీద అక్షరంగా పేర్చే చోట ఆపిల్ ప్రోగ్రాం చతికిలపడింది. మ్యాక్ కంప్యూటర్లకీ అదే గతి. ఫిబ్రవరి 19న 11.2.6 వదిలి సరిచేశారు. ఈలోగా ఆకతాయిలు ఆ అక్షరాన్ని పంపి ఫోన్లు ఆపారు, దేశదేశాల పత్రికల్లో మన అక్షరానికి ఫోన్లు పాడుచేస్తుందని పేరొచ్చింది. నాకు మండింది అక్కడే. తప్పు అక్షరానిదా? కృష్ణాపత్రిక 1902లో పుట్టిన బందరు మాకు పక్కనే. ఆనాడే చేత్తో పేర్చిన అక్షరాన్ని అంత పెద్ద కంపెనీ వదిలేముందు వేసి చూసుకోవద్దూ!

సీసం పోయి కంప్యూటర్ మీద డీటీపీ వచ్చిన కొత్తలో కష్టాలు లేవని చెప్పను. సిస్టమ్ కూలి నీలం తెర పడని వారం ఉండేది కాదు. పేజ్‌మేకర్‌లో రెండు లైన్లు కొట్టి సేవ్ చెయ్యటం వేళ్లకి అలవాటైపోయింది. అయినా అది మన చేతిలో ఉన్న గొడవ. సీడీ పెట్టి ఫార్మాట్ కొట్టి, దాచిపెట్టిన ఫాంట్లు మళ్లీ ఎక్కిస్తే సిస్టమ్ పాతట్టాగే తిరిగొచ్చేది. నిన్నున్న మెనూ ఇవాళా అక్కడే ఉండేది.

ఇప్పుడలా కాదు. మొన్న శ్రావణమాసంలో మోపిదేవి నుంచి వచ్చిన పెద్దాయన శుభలేఖ ప్రూఫు కోసం కూర్చుని ఉండగా సిస్టమ్ దానంతటదే రీస్టార్టయింది. అప్‌డేట్ జరుగుతోంది, ఆపొద్దు అని రాసి, చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ముప్ఫై శాతం దగ్గర ఆగిపోయింది. ఇంతలో కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమనటం మొదలెట్టింది.

"రేపట్నుంచి కార్డులు పంచాలి మాస్టారూ, ఎట్టా మరి?" అన్నారాయన.

ఏం చెప్పను? ఎప్పటికో సిస్టమ్ లేచింది. తెలుగు ఫాంట్లు పోయాయి. వధూవరుల పేర్లుండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు. ప్రింటరుని గుర్తుపట్టటం లేదు. నా డబ్బుతో కొన్న యంత్రం, నా షాపులో ఉంది. లోపల చెయ్యి పెట్టేముందు ఇప్పుడు చెయ్యమంటారా అని అడిగితే కంపెనీవాళ్ల సొమ్మేం పోయింది?

ఇది నా ఒక్క షాపు గొడవే కాదు. 2024 జులై 19 శుక్రవారం మన టైము ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఒక చిన్న ఫైలు వదిలింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో కూలబడ్డాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. విమానాలు ఆగాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఫైలు వెనక్కి తీసుకున్నంత మాత్రాన పడినవి లేవలేదు. చాలాచోట్ల ఒక్కో యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసెయ్యాల్సి వచ్చింది. అందరికీ ఒకేసారి పంపకుండా ముందు కొద్దిమందికి పంపి చూడాలని వాళ్లకి ఆ తర్వాతగానీ తట్టలేదు.

అప్‌డేట్లే వద్దనటం లేదు నేను. 2017 మేలో వన్నాక్రై అనే కంప్యూటర్ వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని సిస్టమ్‌లే ఎక్కువగా దెబ్బతిన్నాయి. జనం ఎందుకు వేసుకోరు? వేసుకుంటే నడుస్తున్న పని ఆగుతుందని భయం. ఆ భయం పుట్టించింది కంపెనీలే. తలుపు గొళ్లెం బాగుచెయ్యమంటే ఇంట్లో సామానంతా తిరగేసిపోతే, రెండోసారి వడ్రంగిని ఎవరు పిలుస్తారు? భద్రతలో పడ్డ రంధ్రం మూసే మరమ్మతు విడిగా పంపండి. మెనూలు, రంగులు మార్చే సరదా విడిగా పెట్టుకోండి. పెళ్లిళ్ల సీజను దాటాక చేసుకుంటామంటే ఒప్పుకోండి. చెడితే పాతదానికి వెళ్లే దారి మా చేతిలో ఉంచండి.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేశారు. చిప్పు పాతదని ఎన్నో కంప్యూటర్లు విండోస్ 11కి పనికిరావన్నారు, అవి ఇంకా బాగా నడుస్తున్నా సరే. డీటీపీ షాపుల్లో మాత్రం ఓ పాత సిస్టమ్ నెట్ వైరు లేకుండా ఇప్పటికీ పని చేసుకుపోతోంది. రేపు పొద్దున కూడా ఫాంటు ఉంటుందన్న ధీమా కోసం మా షాపులోనూ ఒకటి అట్టాగే ఉంచాం. ఆ ధీమా కొత్తది ఇచ్చిన రోజున వైరు నేనే తగిలిస్తాను.