కొర్రల సంచి

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా మిత్రుడి ఇంటికి వెళ్లేసరికి గరాజ్‌లో పాత టైర్ల పక్కన ఒక గుడ్డసంచి కనబడింది. మూతికి పురికొసతో రెండు ముడులు. కదిరి దగ్గర సొంత చేలో పండిన కొర్రలు. వాళ్లమ్మ దంచి, చెరిగి, అయిదు కిలోలు మోసుకొచ్చింది. ‘‘లోపల పెడితే పురుగు పడుతుంది’’ అన్నాడు.

ఆ ఆదివారం ఆవిడనూ నన్నూ పేటర్సన్ తీసుకెళ్లాడు. పెరూవాళ్లు వేలమంది స్థిరపడిన ఊరది. అక్కడ ఒక కూడలికి పెరూ స్క్వేర్ అనే పేరు.

మేం వెళ్లిన పెరూ హోటల్ చిన్నది. ముందు సెవిచే వచ్చింది. పచ్చి చేప ముక్కలు, పైన నిమ్మరసం, ఉల్లిపాయ, మిరప. పక్కన ఉడికించిన చిలగడదుంప, వేయించిన మొక్కజొన్న. 2023లో యునెస్కో గుర్తించిన వంటకమని మిత్రుడు చెప్పాడు. ఆవిడ చేప జోలికి పోలేదు. మొక్కజొన్న గింజలు ఒక్కొక్కటే నమిలింది.

తర్వాత కీన్వా. చీజ్ వేసి జారుగా వండారు. ఆవిడ ఒక్క గింజను వేలిమీదికి తీసుకుని వెలుతురులో చూసింది. ఉడికిన గింజ చుట్టూ తెల్లటి దారంలాంటి మొలక.

‘‘కొర్రల మాదిరే ఉండాయి’’ అంది. గిన్నె ఖాళీ చేసింది.

అది చూసి హోటల్ యజమానురాలు వచ్చి కూర్చుంది. అరవై దాటిన మనిషి. పుట్టింది పూనో కొండల్లో, పెరిగింది లీమా నగరంలో. కీన్వాను చేదు పోయేదాకా నీళ్లలో రుద్ది కడగాలని చేతులతో చేసి చూపించింది. ఆవిడ తలూపింది.

‘‘లీమాలో ఇది కొండవాళ్ల కూడని నవ్వేవాళ్లు. నా స్నేహితులొస్తే అమ్మ ఈ కుండను మంచం కింద దాచేది. దాచమన్నది నేనే’’ అంది యజమానురాలు.

ఆమె గొంతు పూడుకుపోయింది. మిత్రుడి కళ్లూ చెమర్చాయి. 2013ను ఐక్యరాజ్యసమితి కీన్వా సంవత్సరంగా జరిపిందని ఆమెకు గుర్తుచేశాడు. పదేళ్లకు, 2023లో, అదే గౌరవం మన చిరుధాన్యాలకూ దక్కింది.

‘‘విన్నావామ్మా? కన్నతల్లి వండినదానికి సిగ్గుపడిందంట’’ అని తల్లికి తెలుగులో చెప్పాడు.

‘‘చిన్నపిల్ల గదా నాయనా, తెలీక’’ అందావిడ.

పక్క కొట్లో రెండు కీన్వా పొట్లాలు కొన్నాడు. ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది:

‘‘శనివారం మీ ఆఫీసోళ్లు వస్తారంటివి గదా. కొర్రబువ్వ, పప్పు చేద్దునా?’’

‘‘వద్దమ్మా. వాళ్ల ముందు బాగుండదు. ఇది వండు’’ అని పొట్లాం చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

‘‘ఎట్ల వండల్ల నాయనా?’’

‘‘మన కొర్రబువ్వ మాదిరేనమ్మా.’’