సైకాలజీ సార్‌కు మార్కులు వేసే పద్ధతి

ఎమ్మే సైకాలజీలో చేరిన జూనియర్లారా, సెమిస్టర్ చివర మీ ఫోన్లకు ఓ గూగుల్ ఫామ్ వస్తుంది. సిలబస్ ఎంతవరకు అయింది, సార్ ప్రిపేరై వస్తున్నారా, చెప్పింది అర్థమవుతోందా, ఇంటర్నల్స్ న్యాయంగా వేశారా అని అడిగి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమంటారు. నాక్ బృందం వచ్చే ఏడాదైతే ఆ ఫామ్ నింపారా లేదా అని ఆఫీసు వాళ్లు వెంటపడి మరీ అడుగుతారు. రెండేళ్లు మనకు మార్కులు వేసే మనిషికి మనం మార్కులు వేసే అవకాశం ఇదొక్కటే. దీన్ని ఎలా వాడుకోవాలో సిలబస్‌లో లేదు కాబట్టి సీనియర్లం మేమే చెప్పాలి.

అన్నిటికంటే ముందు, క్లాసుకు వెళ్లకముందే అభిప్రాయం సిద్ధం చేసుకోండి. "ఆ సార్ ఎలా అన్నా?" అని వాట్సాప్ గ్రూపులో పెడితే మూడు జవాబులొస్తాయి: "తోపు", "బోర్", "స్ట్రిక్టు". నాలుగో రకం సార్ ఇంతవరకూ పుట్టలేదు. వీటిలో ఒకటి తీసుకుని, క్లాసులో కనిపించే ప్రతిదాన్నీ దానికి సరిపెట్టుకుంటూ పోండి. శాస్త్రం కూడా మనవైపే ఉంది. 1950లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ కెల్లీ అనే సైకాలజిస్టు ఓ క్లాసుకు కొత్త లెక్చరర్ని పంపుతూ, ఆయన గురించి విద్యార్థులకు ముందే చీటీలు పంచాడు. అన్నిట్లోనూ ఒకే రాత, ఒక్క మాట తేడా. సగంమంది చీటీల్లో ఆయన ఆప్యాయంగా ఉండే మనిషి, మిగతావాళ్ల చీటీల్లో అంటీముట్టని మనిషి. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకే పాఠం విన్నారు. మొదటి చీటీ చదివినవాళ్లకు ఆయన కలుపుగోలుగా, సరదాగా కనిపించాడు. రెండో చీటీ వాళ్లకు చిరచిరలాడుతూ కనిపించాడు. చర్చలో నోరు విప్పినవాళ్లు అటు నూటికి 56 మంది, ఇటు 32 మంది. చూశారా, సీనియర్ చెప్పిన ఒక్క మాట పాఠం వినే శ్రమ ఎంత తగ్గిస్తుందో! కెల్లీ చెప్పదలుచుకున్నది అది కాదని సార్ అంటారు. స్ట్రిక్టు సార్లు అలాగే అంటారు.

గ్రూపులో ఎవరూ జవాబివ్వకపోతే కంగారు పడకండి. గుమ్మం దగ్గర నిలబడి అర నిమిషం చూస్తే చాలు. కేరళ మూలాలున్న నళిని అంబాడీ, రాబర్ట్ రోసెంతాల్‌తో కలిసి 1993లో అచ్చేసిన పరిశోధన ఉంది. హార్వర్డ్‌లో పాఠాలు చెబుతున్న 13 మందిని వీడియో తీసి, మాట వినపడకుండా చేసి, పదేసి సెకన్ల ముక్కలు మూడేసి చూపించారు. ఆ ముక్కలు చూసి ముక్కూమొహం తెలియనివాళ్లు వేసిన అంచనాలు, సెమిస్టరంతా కూర్చున్న విద్యార్థులు చివర్లో వేసిన మార్కులతో చాలావరకు కలిశాయి. మరి మిగతా రోజులు క్లాసుకు ఎందుకు రావాలంటారా? 75 శాతం అటెండెన్స్ కోసం. దానికీ అభిప్రాయానికీ సంబంధం లేదు.

యాస సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్‌లో సగం ఇక్కడే నడుస్తుంది. మీకు సార్ నచ్చలేదనుకోండి. అసలు సంగతి, ఇంటర్నల్స్‌లో ఆయన ఇరవైకి ఎనిమిదే వేశారు. అది రాయడానికి చేతులు రావు. అందుకని చివరి బెంచీలో కూర్చుని నోట్సు వెనకపేజీ తెరవండి. సార్ "అంటే ఏంటంటే" అన్న ప్రతిసారీ ఓ నిలువు గీత, నాలుగు గీతలయ్యాక వాటిమీద ఓ అడ్డగీత. బెల్లు కొట్టేసరికి పేజీ చుట్టూ ముళ్లకంచె వేసినట్టు తయారవుతుంది. ఈలోగా క్లాసికల్ కండిషనింగ్ పూర్తయి సార్ బోర్డు తుడిచేసి ఉంటారు, దాందేముంది, జిరాక్సు సెంటర్లో నోట్సు దొరుకుతుంది. మీ దగ్గర ఇప్పుడు డేటా ఉంది. "సార్ మాట తీరు వల్ల పాఠం ఎక్కడం లేదు" అని ఫామ్‌లో నిర్భయంగా రాయండి. ఆయన ఊరి యాస, చాక్‌పీసు పట్టుకునే పద్ధతి, మాసిపోయిన బ్యాగు, ఏదైనా పనికొస్తుంది.

దీనికీ ఆధారం ఉంది. 1977లో మిషిగన్ యూనివర్సిటీలో రిచర్డ్ నిస్బెట్, తిమొతీ విల్సన్ కలిసి 118 మంది విద్యార్థులకు ఓ బెల్జియం లెక్చరర్ ఇంటర్వ్యూ వీడియో చూపించారు. ఆయన ఇంగ్లిష్‌లో సొంతదేశపు యాస గట్టిగానే వినపడుతుంది. వీడియోలు రెండు. ఒకదాంట్లో విద్యార్థుల మీద నమ్మకంతో ఉత్సాహంగా మాట్లాడతాడు, రెండోదాంట్లో వాళ్లను చిన్నచూపు చూస్తూ మాట్లాడతాడు. మనిషి మారలేదు, మొహం మారలేదు, యాస అంతకంటే మారలేదు. మొదటిది చూసినవాళ్లకు ఆ యాస బాగానే అనిపించింది, రెండోది చూసినవాళ్లలో ఎక్కువమందికి చిరాకు తెప్పించింది. అసలు మజా ఆ తర్వాత ఉంది. మనిషి నచ్చకపోవడం వల్ల యాస నచ్చలేదా అని అడిగితే అబ్బే అదేం లేదన్నారు. పైగా యాస వల్లే, రూపం వల్లే మనిషి నచ్చలేదని ఎదురు చెప్పారు. మనం తర్వాత వెతుక్కున్న కారణం మొదటినుంచీ ఉన్నట్టే మనకు తోస్తుందన్నమాట, ఆత్మసాక్షికి కూడా ఇబ్బంది లేదు. సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసే మార్కుల్లో 1920లోనే సైకాలజిస్టు థార్న్‌డైక్ మనిషి మీది అభిప్రాయం మిగతా గుణాల మార్కులకూ పాకడాన్ని పట్టుకుని హేలో ఎఫెక్ట్ అన్నాడు. ఈ పాఠం చెప్పే రోజు మాత్రం గీతలు గీయకండి. సార్ ఆ రెండు మాటలూ బోర్డు మీద రాసి తిన్నగా చివరి బెంచీ వైపే చూస్తారు.

అర్థం కానిదానికి ఎక్కువ మార్కులేయాలా తక్కువా అని చాలామంది అడుగుతుంటారు. అది సార్ నవ్వించారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1970లో కాలిఫోర్నియాలో "డాక్టర్ ఫాక్స్" అనే పెద్దమనిషి, గణితంలోని గేమ్ థియరీని వైద్యవిద్యకు ఎలా వాడాలో ఉపన్యసించాడు. విన్నవాళ్లలో సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు ఉన్నారు. ఆయన నటుడు. ఒకదానికొకటి పొంతన లేని మాటలు, లేని పదాలు, జోకులు కలిపి దంచమని ముందే తర్ఫీదిచ్చి నిలబెట్టారు. 1973లో ఫలితాలు అచ్చయ్యాయి, శ్రోతలు ఆయనకు మంచి మార్కులే వేశారు. ఒకాయన, ఫాక్స్ రాసినవి తాను ఇంతకుముందే చదివానని కూడా రాశాడు. అంతటివాళ్లే ఆలోచించని విషయాన్ని మనమెందుకు ఆలోచించాలి? నవ్వొస్తే ఐదు. నవ్వు రాకుండా అర్థమైతే మూడు.

ఇక కోర్సు మీద పెట్టాల్సిన ఫిర్యాదులు. మీరు సైకాలజీ అని తెలియగానే పెళ్లిళ్లలో పెద్దమ్మలూ పిన్నులూ చుట్టూ చేరి "అయితే నా మనసులో ఏముందో చెప్పు" అంటారు. చెప్పలేక మీరు పడే అవమానానికి బాధ్యుడు ఎవరు? సారే. మనసు చదవడం నేర్పుతారని చేరితే మొదటి సెమిస్టర్లో మీన్, స్టాండర్డ్ డీవియేషన్, టీ టెస్ట్ చెబుతారు. "సైకాలజీ పేరుతో లెక్కలు చెబుతున్నారు" అని తప్పకుండా రాయండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ డిపార్ట్‌మెంటు పేరులో పారాసైకాలజీ కూడా ఉంది కదా అని నిలదీయండి. దాన్ని నిలబెట్టిన కె. రామకృష్ణారావు అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ దగ్గర పనిచేసినవారు. ముక్క మీది గుర్తును చూడకుండా చెప్పించడానికి రైన్ వాడిన జెనర్ కార్డుల్లో వలయం, ప్లస్ గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కోటి ఐదేసి చొప్పున మొత్తం 25 ముక్కలుంటాయి. కళ్లు మూసుకుని చెప్పినా సగటున ఐదు సరిపోతాయి. ఎనిమిది సరిపోయాయనుకోండి, అది మహిమా లేక అదృష్టమా తేల్చడానికి మళ్లీ ఆ స్టాటిస్టిక్సే కావాలి. ఈ చివరి ముక్క ఫామ్‌లో రాయకండి, మన కేసు పోతుంది.

ప్రాక్టికల్స్ విషయంలో సార్ మీద రాయడానికి చాలా ఉంటుంది. ఉదాహరణకు మిర్రర్ డ్రాయింగ్. చెక్కబల్లకు నక్షత్రం బొమ్మ కాగితం బిగించి, ఎదురుగా అద్దం పెట్టి, చెయ్యి నేరుగా కనపడకుండా అడ్డు పెడతారు. అద్దంలో చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. పైకి పోవాలనుకుంటే పెన్సిల్ కిందికి జారుతుంది, మూల తిప్పేచోట అక్కడే గిరగిరా తిరిగి కాగితం చిరుగుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకున్న మీ ఫ్రెండు తప్పులు లెక్కపెడుతూ నవ్వుతుంటాడు. కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో వరసగా ఎన్నోసార్లు, మళ్లీ కుడిచేత్తో. ఇంత అవస్థ దేనికి? రికార్డు పెట్టాల్సిన ముందురోజు రాత్రి హాస్టల్లో కూర్చుని అంకెలు వేసెయ్యండి. మొదటి ప్రయత్నం 140 సెకన్లు, తర్వాత 118, 97, ఇలా దిగుతూ రావాలి. సహజంగా ఉండటానికి నాలుగోసారి మాత్రం కొంచెం పెరగాలి. మా బ్యాచ్‌లో అందరం ఈ జాగ్రత్త తీసుకున్నాం. నలభై రికార్డుల్లోనూ నాలుగో ప్రయత్నం దగ్గరే గ్రాఫు లేవడం చూసి సార్ సంతకం పెట్టకుండా అన్నీ వెనక్కి పంపారు. ఆ ఏడాది ఫామ్‌లో "సార్‌కు విద్యార్థులంటే నమ్మకం లేదు" అని ఏకగ్రీవంగా రాశాం.

స్లిప్ టెస్టులు పెట్టే సార్‌ను అస్సలు వదలొద్దు. సోమవారం రాగానే పుస్తకాలు మూయమని, పోయినవారం చెప్పింది చూడకుండా రాయమంటారు. చదివింది మళ్లీ మళ్లీ చదువుకోనిస్తే ఎంత హాయి! 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు ఇదే పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరితో నాలుగుసార్లు చదివించారు. ఇంకొందరితో ఒక్కసారి చదివించి, మూడుసార్లు చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. మన పక్షమే గెలిచింది. వారం తర్వాత చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61 మిగిలిందనుకోండి, కానీ ఫీడ్‌బ్యాక్ ఫామ్ వారం ఆగదు కదా. అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కారెల్, వెస్ట్ 2010లో తేల్చిందీ ఇలాంటిదే. అక్కడ ఎవరు ఏ లెక్కల మాస్టారి క్లాసులో పడాలో చీటీ వేసినట్టు కేటాయిస్తారు. ఆ సెమిస్టర్లో మార్కులు బాగా తెప్పించిన మాస్టార్లకు విద్యార్థులు మంచి రేటింగులిచ్చారు. పై కోర్సుకు వెళ్లాక బాగా చేసింది మాత్రం వేరే మాస్టార్ల దగ్గర కష్టపడినవాళ్లు. పై కోర్సు వేరే సార్ తలనొప్పి. ఇప్పటికి మనకు మార్కులిచ్చినవారే గురువు.

పాఠం చెప్పేది మేడమైతే ఒక మార్కు తగ్గించడం మీరు ప్రత్యేకంగా నేర్చుకోనక్కర్లేదు, అదే వస్తుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు బోధకులు, ఒకరు ఆడ, ఒకరు మగ, కొన్ని గ్రూపులకు పేర్లు మార్చుకుని పాఠం చెప్పారు. 2015లో అది అచ్చయింది. పేపర్లు అందరికీ ఒకే సమయానికి దిద్ది ఇచ్చినా, మగపేరు కనిపించినచోట సమయపాలనకు ఐదుకు 4.35, ఆడపేరు కనిపించినచోట 3.55 పడ్డాయి. గడియారం కూడా మనమాట వింటుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఫామ్ నింపేటప్పుడు పక్కన ఏమైనా తినండి. ఇల్లినాయి యూనివర్సిటీలో ఫామ్‌తోపాటు చాక్లెట్ పంచితే మార్కులు పెరిగాయని 2007లో యూమన్స్, జీ రాశారు. పంచింది సార్ కూడా కాదు, ఫామ్‌లు పట్టుకొచ్చిన మనిషి. మన యూనివర్సిటీలు గూగుల్ ఫామ్‌కు మారి ఈ సౌకర్యం పోగొట్టాయి. క్యాంటీన్ సమోసా తింటూ నింపితే మాత్రం సార్‌కు అన్యాయం జరిగే ప్రమాదం ఉంది.

చివర్లో "ఇతర సూచనలు" అని ఓ పెట్టె ఉంటుంది. అక్కడ పాఠం గురించి రాయడం ఆనవాయితీ కాదు. రెండో ఫ్యాను తిరగడం లేదని, నీళ్ల క్యాను పెట్టాలని, బస్సు టైము మార్చాలని రాయండి. రాయడానికేమీ లేకపోతే "గుడ్" అని పెట్టండి. ఆ గుడ్‌లన్నీ ఏరి ఆఫీసువాళ్లు గ్రాఫు గీస్తారు.

ఏ నెట్టో సెట్టో కొట్టి రేపు మీరే సైకాలజీ సార్ అయిపోతే అప్పటి పద్ధతి వేరు. కెనడాలో టొరంటోలోని అప్పటి రయర్సన్ యూనివర్సిటీలో ఈ విద్యార్థుల రేటింగులతో ప్రమోషన్లు తేల్చకూడదని 2018లో మధ్యవర్తి విలియం కప్లన్ తీర్పిచ్చారు. దాని కాపీ ఒకటి ప్రింటు తీసి బీరువాలో పెట్టుకోండి. రేటింగు రెండున్నర వస్తే ఆ కాపీ హెచ్ఓడీ గదికి పట్టుకెళ్లండి. నాలుగున్నర వస్తే కాపీ జోలికి పోకుండా, రేటింగు షీటుకే ఫ్రేము కట్టించి టేబుల్ మీద వచ్చేవాళ్లకు కనపడేట్టు పెట్టండి.