చెట్టుదే తప్పు: పాత కోర్సులో డిస్క్ గోల్ఫ్ ఆడే పద్ధతి

ఓడిపోయేవాడికి కొత్త కోర్సును మించిన శత్రువు లేదు. డిస్కు విసరడానికి నిలబడే కాంక్రీటు టీ నున్నగా ఉంటుంది. బుట్టలు తళతళలాడుతుంటాయి. ప్రతి హోల్ దగ్గరా దూరమూ దిక్కూ రాసిన బోర్డు ఉంటుంది. అక్కడ డిస్కు పొదల్లోకి పోయిందంటే తప్పు విసిరిన చేతిదే, ఇంకెవరి మీదకూ నెట్టడానికి వీల్లేదు. అందుకే పరువు మీద ప్రేమ ఉన్న ఆటగాడు పాత కోర్సు వెతుక్కోవాలి. అందులోనూ అన్నిటికన్నా పాతది దొరికితే మరీ మంచిది.

అది కాలిఫోర్నియాలో ఉంది. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన శాన్ గేబ్రియల్ కొండల మొదట్లో, పాసడీనా, లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్ ఊళ్లు కలిసేచోట, ఓక్ చెట్ల నీడన. ఒకప్పుడు ఓక్ గ్రోవ్ పార్కు అనేవారు, ఇప్పుడు హహమోంగ్నా వాటర్‌షెడ్ పార్కు అంటున్నారు. 1975లో ప్రపంచంలోని మొట్టమొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వెలిసింది ఇక్కడే. ఆడలేక మద్దెల ఓడన్నాడని ఎవరినైనా ఎగతాళి చెయ్యొచ్చు. మద్దెల నిజంగానే ఓటిదైతే ఆ ఎగతాళి చెల్లదు. అర్ధశతాబ్దం దాటిన కోర్సు ఆటగాడికిచ్చే అసలు వరం ఇదే.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. ఇదీ గోల్ఫే. బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, కర్రకు బదులు చెయ్యి, గుంటకు బదులు స్తంభానికి బిగించి పైన గొలుసులు వేలాడదీసిన ఇనుప బుట్ట. టీ మీద నుంచి విసరాలి, పడ్డచోటి నుంచి మళ్లీ విసరాలి, బుట్టలో పడేదాకా ఇదే పని. తక్కువ విసుర్లతో ముగించినవాడిది గెలుపు. ఎక్కువ కోర్సులు పబ్లిక్ పార్కుల్లోనే ఉంటాయి, చాలాచోట్ల టికెట్టు కూడా ఉండదు. డిస్కు ధర పదీ ఇరవై డాలర్లు. ఇంత చవగ్గా దొరికే అవమానం అమెరికాలో తక్కువ.

ఇక పద్ధతిలోకి. ముందు సంచి సర్దుకోవాలి. ఈ కోర్సు వేసిననాటి డిస్కులంటే మామూలు ఫ్రిస్బీలే. అంచు గుండ్రంగా, మొద్దుగా ఉండి నింపాదిగా తేలుతూ పోయేవి. చెట్ల మధ్య దారులూ దూరాలూ ఆ నింపాదికి తగ్గట్టు కొలిచినవి. 1983లో డేవ్ డనిపేస్ అనే ఆయన అంచును ఏటవాలుగా సన్నం చేసిన డిస్కు తెచ్చాడు, ఆ ఏడే ఇన్నోవా కంపెనీ మొదలైంది. గాలిని కోసుకుంటూ పోయే ఆ అంచుతో వేగం పెరిగింది, దూరం పెరిగింది. 2016లో నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ గాలిని వెనకేసుకుని 338 మీటర్లు విసిరాడు. కనుక డెబ్బై మీటర్లలో ఉన్న బుట్టకు గురిపెట్టేవాడు సంచిలోంచి తీయవలసింది అన్నిటికన్నా వేగమైన డిస్కునే, అంటే డ్రైవర్‌నే. దానికి తగ్గ వేగం చేతిలో లేకపోతే ఏమవుతుందన్నది తేలిన సంగతే. కుడిచేత్తో మామూలుగా అడ్డంగా విసిరినవాడి డ్రైవర్ కొంతదూరం పోయి ఎడమకు వాలి కూలుతుంది. ఇది ఏరోడైనమిక్స్. సంజాయిషీ చెప్పేటప్పుడు మాత్రం ఆ మాట ఎత్తకుండా ఎడమవైపున్న ఓక్ చెట్టు పేరు చెప్పాలి.

సంచిలో ఇరవైకి తగ్గకుండా డిస్కులుండాలి, దాన్ని ఈడ్చుకెళ్లడానికి చక్రాల బండి ఉంటే ఇంకా హుందాగా ఉంటుంది. 2021లో పాల్ మెక్‌బెత్ అనే చాంపియన్‌తో డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీ పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఆయన సంచి ఎంత బరువో మన సంచీ అంత బరువుండడం న్యాయం. ఒక్క జాగ్రత్త. ప్రతి పాత కోర్సులోనూ దగ్గరి విసుర్లకు వాడే పుట్టర్, అదీ రంగు వెలిసినది, ఒక్కటి చేతబట్టుకుని, టీ మీద నిలువుకాళ్లతో నిలబడే విసిరి, అందరికన్నా ముందు ఆట ముగించే పెద్దాయన ఒకరు కనిపిస్తారు. అరిగిన ప్లాస్టిక్ తక్కువ వేగానికే తిన్నగా పోతుందని ఆయనకు తెలుసు. ఆయనతో మాట కలపకూడదు.

తరవాత టీ. పాత టీల మీద కాంక్రీటు పగిలి ఉంటుంది, లేదా చివర మట్టి కొట్టుకుపోయి కాలు దిగేచోట జానెడు గుంట పడి ఉంటుంది. పరుగెత్తుకొచ్చి విసరాలని రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు, నిలబడి విసిరినా చెల్లుతుంది. అయినా వీడియోల్లో చూసినట్టు మూడడుగుల ఊపు అందుకుని ఆ గుంటలోనే కాలు పెట్టాలి. విసురు చెడితే గుంట మీద చెప్పుకోవచ్చు. మడమ మడతపడితే ఇంకా నయం, మిగతా హోళ్లన్నిటికీ సాకు ఒకేసారి సిద్ధమవుతుంది.

చెట్ల విషయానికి కొంచెం ఎక్కువ చోటు కావాలి. చెట్టులో తొంభై పాళ్లు గాలే అని ఈ ఆటగాళ్లలో ఒక పాత జోకు ఉంది. ఆ గాలిలోంచే దూరిపోవచ్చని నమ్మాలి. ఇక్కడివి కాలిఫోర్నియా తీరపు ఓక్‌లు, ఏడాది పొడవునా ఆకుతో ఉండి కొమ్మలను అడ్డంగా, నేల దాకా చాచేవి. కోర్సు వేసిన 1975లో లేని కొమ్మ ఇప్పుడు సరిగ్గా దారికడ్డంగా ఉండవచ్చు. అప్పుడున్న చెట్టు కూలిపోయి కష్టమైన హోల్ సులువైపోయి ఉండవచ్చు కూడా, ఆ రెండో సంగతి ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. 175 గ్రాముల గట్టి ప్లాస్టిక్ నిపుణుల చేతిలోంచి గంటకు 110 కిలోమీటర్లకు పైగా వేగంతో బయల్దేరుతుంది. మామూలువాడి చేతిలోంచి అంత వేగంగా రాకపోయినా, ఏళ్ల తరబడి ఒకే మానుకు ఒకేచోట తగిలితే బెరడు ఊడి లోపలి చెక్క బయటపడుతుంది. అందుకే చాలా కోర్సుల్లో టీకి ఎదురుగా ఉన్న మానులకు కర్రలో రబ్బరు పట్టీలో కట్టి ఉంచుతారు. నేల సంగతీ అంతే. అందరూ ఒకే దారిన నడిచి నడిచి మట్టి గట్టిపడితే వాన ఇంకదు, జారిన నీరు పైమట్టిని తీసుకుపోతుంది, వేళ్లు బయటపడతాయి. పద్ధతి తెలిసిన ఆటగాడు అలాంటి చెట్టు మొదట్లోనే చక్రాల బండి ఆపి, వేళ్ల మీద కూర్చుని, పాపం ఈ చెట్టు ఎందుకిలా ఎండుతోందోనని పక్కవాడిని అడగాలి.

డిస్కు పొదల్లో పడిందనుకుందాం. వెతకడానికి రూల్సు ఇచ్చే గడువు మూడు నిమిషాలు. దొరక్కపోతే ఒక విసురు జరిమానా, మళ్లీ వెనక్కి వెళ్లి అంతకుముందు విసిరినచోటి నుంచే విసరాలి. ఈ మూడు నిమిషాల్లో ఎదురయ్యేది పాయిజన్ ఓక్. పేరులో ఓక్ ఉన్నా ఓక్‌కు ఏమీ కాదు, మామిడికీ జీడిమామిడికీ చుట్టం. మామిడికాయ సొన తగిలి మూతి పొక్కినవారికి, పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవారి వేళ్లు చూసినవారికి ఈ కుటుంబం స్వభావం వేరే చెప్పనక్కర్లేదు. మూడేసి ఆకులు కనిపిస్తే తప్పుకోవడం ఒక పద్ధతి. పదిహేను డాలర్ల డిస్కు కోసం లాగూ మోకాళ్ల పైకి మడిచి అందులోకి దిగడం రెండో పద్ధతి, ఎక్కువమంది పాటించేది ఇదే. కొండ వాలు కాబట్టి ఎండాకాలంలో తోక గలగలలాడించే రాటిల్‌స్నేక్ కూడా తన వంతు సలహా ఇవ్వొచ్చు.

వెతుకుతూ తలెత్తితే పక్కనే కంచె అవతల నాసావారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ కనిపిస్తుంది. 1936 అక్టోబరు 31న కాల్‌టెక్ కుర్రాళ్లు కొందరు ఈ అరోయో సెకో వాగు దగ్గరే రాకెట్ మోటారు వెలిగించి చూశారు, ఆ సంస్థకు మూలం అదే. 1977 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయల్దేరిన వోయేజర్ నౌకలు రెండూ ఈ సంస్థవే. అవి సౌరగ్రహాలన్నిటినీ దాటిపోయినా ఎక్కడున్నాయో ఆ కంచె అవతలివారికి తెలుసు. కంచె ఇవతల నారింజ రంగు డిస్కు ఏ పొదలో ఉందో విసిరినవాడికే తెలియదు. ఈ పోలిక పక్కవాడి నోటి నుంచి రాకముందే గాలి హఠాత్తుగా మళ్లిందని అనెయ్యాలి.

ఆ 1977 ఆగస్టులోనే ఈ ఆటలోని బుట్టకు అమెరికా పేటెంటు వచ్చింది. తీసుకున్నది ఎడ్ హెడ్రిక్. వామ్-ఓ కంపెనీలో పనిచేస్తూ ఫ్రిస్బీ పైభాగాన రింగులు చెక్కి, అది తూలకుండా పోయేలా తీర్చింది కూడా ఆయనే. ఏదో ఒకటి విసిరి గురికొట్టడం ఆయనతో మొదలు కాలేదు. 1926లో కెనడాలోని బ్లాడ్‌వర్త్‌లో బడిపిల్లలు రేకు మూతలతో ఇలాంటి ఆట ఆడారు. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో జరిగిన పోటీలో గెలిచినవాడికి ఏకంగా డాట్సన్ కారే ఇచ్చారు. ఓక్ గ్రోవ్‌లో హెడ్రిక్ మొదట పాతించినవి ఉత్త స్తంభాలు. తగిలిందని ఒకరు, తగల్లేదని ఒకరు. ఆ తగాదాలు పడలేక ఆయన, కొడుకు కెన్ కలిసి గొలుసుల బుట్ట తయారు చేశారు. ఇప్పుడు డిస్కు బుట్టలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. తగాదాకు చోటు లేకుండా చేసిన ఈ పరికరం మీద కూడా తగాదా పెట్టుకోవడం ఎలాగన్నది పాత కోర్సు నేర్పుతుంది.

తొలినాళ్ల బుట్టల్లో గొలుసులు తక్కువ, ఇప్పటి వాటిలో లోపలొక వరస, బయటొక వరస. పాత బుట్ట తుప్పు పట్టి, గొలుసు ఒకటి తెగి, స్తంభం ఓ పక్కకు ఒరిగి ఉంటే చాలు. మెల్లగా వచ్చి వాలే డిస్కును అది ఇప్పటికీ పట్టుకుంటుంది. గట్టిగా కొడితే అటునుంచి బయటికి ఉమ్మేస్తుంది. కాబట్టి నాలుగు మీటర్ల నుంచైనా శక్తికొద్దీ కొట్టాలి. డిస్కు బుట్ట నెత్తిన కూర్చుంటే లెక్కలోకి రాదు. పది మీటర్ల లోపు నుంచి విసిరాక ఒళ్లు నిలదొక్కుకునేదాకా ముందుకు అడుగేయకూడదు. ఈ రెండు రూల్సూ ఎదుటివాడి వంతు వచ్చినప్పుడు మాత్రమే గుర్తుకు రావాలి.

పార్కు అందరిదీ అన్న మాట ఆటగాళ్లను చాలా ఇబ్బంది పెడుతుంది. ఇక్కడ గుర్రాల మీద వచ్చేవారుంటారు, కుక్కలతో వచ్చేవారుంటారు. అమెరికా పార్కుల్లో పిల్లల దగ్గరికి ఆరునెలలకని వచ్చిన మన అమ్మానాన్నలు పొద్దున్నే స్వెట్టరు మీద శాలువా కప్పుకుని నడుస్తూ కనిపించడం కొత్తేమీ కాదు. గొలుసులు వేలాడే బుట్టను చూసి ఇదేం కుంపటమ్మా అని ఆగి నిలబడితే వాళ్ల తప్పు కాదు. దారిలో మనిషి ఉంటే విసరకుండా ఆగాలన్నది ఆట మర్యాద. దాన్ని పాటిస్తే చెడిన విసురుకు సాకు మిగలదు. ముందు విసిరి, ఆనక తప్పుకోమనే గోల్ఫ్ హెచ్చరికగా "ఫోర్!" అని అరవడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ కేక అర్థం కాక పెద్దావిడ నాలుగు లెక్కపెడుతున్నారనుకుంటే, క్షమాపణ చెప్పడానికి తెలుగు వచ్చినవాడు జట్టులో ఒకడుండాలి.

చివరగా బాగుచేతలు. గుంటలు పూడ్చడం, చెక్కపొట్టు పరచడం, విరిగిన బోర్డు మార్చడం చాలాచోట్ల స్థానిక క్లబ్బువాళ్లు శనాదివారాల్లో ఉచితంగా చేసే పని. పార్కు పెద్దలకేమో వేరే తలనొప్పులుంటాయి. ఇక్కడే చూస్తే, 2009 నాటి స్టేషన్ ఫైర్ అనే కార్చిచ్చు కొండలను కాల్చేశాక వానలకు కొట్టుకొచ్చిన మట్టి, దిగువన 1920లో కట్టిన డెవిల్స్ గేట్ డ్యామ్ వెనక మేటలు వేసింది. టీ చివరి గుంట వాళ్ల జాబితాలో ఎక్కడుంటుందో ఊహించుకోవచ్చు. కోర్సు పాడైపోతోందని శుక్రవారం రాత్రి గట్టిగా వాపోవాలి. శనివారం పొద్దున పారలు పట్టుకున్నవాళ్లు వెళ్లిపోయారని తేలాకే బయల్దేరాలి.

చెట్టు, గుంట, గొలుసు, గుర్రం, అన్నీ అయిపోయి ఇంకా ఒక చెడ్డ విసురు మిగిలితే, ఆట పుట్టించినవాడి మీదకు నెట్టడం ఆఖరి ఉపాయం. హెడ్రిక్ 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ పెట్టి తానే ఒకటో నంబరు సభ్యుడయ్యాడు. ఫ్రిస్బీ భక్తులు చచ్చిపోతే స్వర్గానికీ నరకానికీ కాదు, ఎవరింటి కప్పు మీదకో చేరి అక్కడే ఉండిపోతారని సరదాగా అనేవాడు. 2002 ఆగస్టులో ఆయన పోయాక, కోరిక ప్రకారం ఆయన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు పోతపోశారు. అలాంటిది ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి ఒకసారి చేతిలోకి తీసుకోవచ్చు. విసరడం మాత్రం వద్దు. పాయిజన్ ఓక్‌లో పడితే రూల్సు ఆయనకు కూడా మూడు నిమిషాలే ఇస్తాయి.