పోయే నీళ్ల శాఖ కమిషనర్ గారికి

మహారాజశ్రీ కమిషనర్ గారి దివ్యసముఖానికి, నల్లా కనెక్షన్ గల ఒక పౌరుడు నమస్కరించి రాసుకునే అర్జీ.

మీ శాఖ ఇంకా పుట్టలేదని తెలుసు. పుట్టాలనే రాస్తున్నాను. వచ్చే నీళ్లకు మా ఊళ్లో దొరల మర్యాద. మిషన్ భగీరథను 2016 ఆగస్టులో గజ్వేల్ పక్క కోమటిబండలో సాక్షాత్తూ ప్రధానమంత్రి ప్రారంభించారు. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్కగట్టారు. ట్యాంకుంది, వాల్వుంది, ఇంజనీరున్నాడు. అవే నీళ్లు గిన్నెలు తోమి, బట్టలు పిండి గడప దాటాయా, ఇక వాటికి దిక్కూమొక్కూ లేదు.

వాడిన నీళ్లలో దాదాపు మూడింట రెండొంతులు మోరీలోకే వస్తాయని అంచనా. వెయ్యి మంది ఉన్న మా ఊరికి రోజూ సుమారు 65 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదమూడు. పొద్దున్నే పదమూడు ట్యాంకర్లు వచ్చి బడి గోడ పక్కన మురుగు ఒంపిపోతే తమరు కేసు పెట్టరూ? మోరీ అదే పని చప్పుడు లేకుండా చేస్తోంది గనుక దానికి సిమెంటు పూసి గౌరవిస్తున్నాం. పూసినందుకు మురుగు మా వాకిట్లోంచి పోచమ్మ గుడి దాకా తొందరగా చేరుతోంది. అక్కడ వాలు లేదు, నిలబడుతుంది. బోదకాలు మోసే క్యూలెక్స్ దోమకు అలాంటి నీళ్లే పుట్టిల్లు.

ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వమంటారు. సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ అలాగే పేరు తెచ్చుకుంది, వాళ్లకు దండం. కానీ మాది నల్లరేగడి, తడిస్తే చుక్క దిగనివ్వదు. ఇలాంటి చోట ఊరి చివర వరుసగా మూడు కుంటలు తవ్వి ఎండకూ నాచుకూ సూక్ష్మజీవులకూ పని అప్పగిస్తే, కరెంటు బిల్లు లేకుండానే నీళ్లు తేటపడతాయి. జాగా తక్కువైతే కంకర మడిలో జమ్ము, మెట్టతామర నాటి మురుగును దాని గుండా పారించొచ్చు. ఏ నేలకు ఏది నప్పుతుందో చూడకుండా జిల్లా అంతటికీ ఒకే బొమ్మ పంపడం మాత్రం, క్షమించాలి, ఫోటో కోసం చేసే పని.

ఇక పైసలు. స్వచ్ఛ భారత్ రెండో దశలో మురుగునీటికి 5,000 జనాభా లోపు ఊళ్లకు మనిషికి 280 రూపాయల దాకా, ఆపైన ఉన్న ఊళ్లకు 660 దాకా పెట్టారు. ఆ 660 అందుకోవాలంటే మేం ఇంకో నాలుగు వేల మందిని కనాలి. ఆడవాళ్లు ఒప్పుకోవడం లేదు.

అయినా తవ్వడానికి డబ్బు ఎలాగో వస్తుంది, శిలాఫలకం ఉంటుంది గనుక. పూడిక తీతకు ఫలకం ఉండదు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా మరుగుదొడ్డి గుంతలోకి దిగి, ఎరువుగా మారినదాన్ని తోడిపోశారు. పెద్దలకు పార పట్టడం రాదని అనలేం. కానీ ఏటేటా ఊరూరికీ కార్యదర్శులు దిగలేరు కదా.

కాబట్టి మీ శాఖ పుట్టే జీవోలోనే ఒక్క లైను వేయించండి: కుంటల పూడిక తీసే మనిషికి కూలీ, బూట్లు, గ్లవ్స్ ఏ పద్దు కింద రాయాలో. మీ ఆఫీసుకు అద్దె గురించి దిగులొద్దు. పోచమ్మ గుడి దగ్గర, మోరీ ఆగిపోయే చోట ఒక గది ఖాళీగా ఉంది. ఎవరూ దిగడం లేదు, తమరికి చవగ్గానే ఇస్తారు.

ఇట్లు,
తమ రాకకై ముక్కు మూసుకుని ఎదురుచూసే
ఒక వినియోగదారుడు