యూత్ అన్న

ప్రతి చర్చికీ ఒక యూత్ అన్న ఉంటాడు. మా గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లోనైతే తప్పకుండా ఉంటాడు. వయసు నలభై దాటి ఉంటుంది. పెద్దకొడుకు సండే స్కూల్ ముగించి యూత్‌లోకి వచ్చేశాడు గానీ, తండ్రి యూత్‌లోంచి కదల్లేదు. అయ్యగార్లకు బదిలీలుంటాయి, యూత్ అన్నకు ఉండవు.

"ఈసారి యూత్ సండే వేరే లెవెల్లో ఉంటది తమ్ముళ్లూ" అని గ్రూపులో ఆయన మెసేజి పెట్టాడంటే సంఘ పెద్దలకు బీపీ మాత్రలు గుర్తొస్తాయి. స్కిట్టు, యాక్షన్ సాంగు, బైబిల్ క్విజ్, రెండు సాక్ష్యాలు, రిథమ్ ప్యాడ్స్ మీద పాటలు, ఆఖర్న పదిహేను నిమిషాల వాక్యం. నిమిషాలతో సహా రాసుకుని కమిటీకి వస్తాడు.

"1842లో మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చింది మొదలు లేని ప్యాడ్స్ ఇప్పుడెందుకయ్యా? కీర్తనల పుస్తకం లేదా?" అంటారు ట్రెజరర్ గారు.

"ఉంది తాతగారూ. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు మనవాళ్ల చెవులకు అలవాటైన రాగతాళాల్లోనే గదా కీర్తనలు కట్టింది? ఇప్పటి కుర్రాళ్ల చెవులకు అలవాటైంది ఇదీ!"

చాలాసేపు చర్చించి తీర్మానం చేస్తారు: ప్యాడ్స్ ఉండొచ్చు, వినపడకూడదు.

వాక్యం దగ్గరికొచ్చేసరికి అన్న తన బ్రహ్మాస్త్రం తీస్తాడు. "అయ్యగారూ, పౌలంతటివాడు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు గనక బతికించాడు. మనకా వరం ఉందాండీ?"

"మన చర్చికి అంతస్తులు లేవు గదయ్యా" అంటారు అయ్యగారు. నలభై నిమిషాలకు ఒక్క నిమిషం తగ్గరు.

శనివారం రాత్రి ప్రాక్టీసు. స్కిట్టులో దావీదు వేషం ట్రెజరర్ గారి మనవడికి ఇవ్వక తప్పలేదు, తొంభై కిలోలుంటాడు. గొల్యాతుకు దొరికినవాడు ఇంటర్ ఫస్టియర్, గాలొస్తే గోడ పట్టుకునే రకం. "విశ్వాసంతో చూస్తే సరిపోద్దిలే" అని అన్న సర్దిచెబుతాడు. మైకు పనిచేయదు. పనిచేసినప్పుడు కూస్తుంది. అన్న కొడుకు మౌనంగా వెళ్లి రెండు వైర్లు మార్చి బాగుచేస్తాడు. అన్న అది గమనించడు. టైమర్ చూసుకుంటుంటాడు.

ఆదివారం గొల్యాతు పడాల్సిన దానికంటే ముందే పడ్డాడు. దావీదు ఇంకా రాయి వెతుక్కుంటున్నాడు. వెనక బెంచీల్లో ఫోన్లన్నీ ఒక్కసారి జేబుల్లోకి వెళ్లాయి. అన్న రాసుకున్న అంశాలన్నిట్లో కుర్రాళ్లు కళ్లార్పకుండా చూసింది ఈ రాసుకోనిదొక్కటే.

ఆరాధన ముగిశాక చూడాలి. వెనక బెంచీ వాళ్లే వైర్లు చుడతారు, కుర్చీలు మోస్తారు, మిగిలిన బిర్యానీ పొట్లాల లెక్క తేలుస్తారు. గంటసేపటికి గానీ ఇళ్లకు పోరు. చూపించే ప్రోగ్రాం కంటే చేతికిచ్చిన పనే వాళ్లను చర్చికి రప్పిస్తోందని అందరికీ తెలుసు, అన్నకు తప్ప. ఆయన మాత్రం స్కిట్టు దెబ్బకే నిలబడ్డారనుకుని వచ్చే నెలకు రెండు స్కిట్లు రాసుకుంటాడు.

ఏటా యౌవనస్థుల సంఘం ఎన్నికలప్పుడు అన్న తిమోతి మీద మాట్లాడతాడు. యౌవనుడని ఎవరూ నిన్ను చిన్నచూపు చూడకుండా చూసుకోమని పౌలు చెప్పిన మాట ఆయనకు కంఠతా వచ్చు. "కొత్తవాళ్లు ముందుకు రావాలి" అని గొంతు గద్గదం చేసుకుంటాడు. అందరూ తలొంచుకుంటారు, అన్నే మళ్లీ ఎన్నికవుతాడు.

ఈ ఏడు మాత్రం కొడుకు చెయ్యెత్తాడు.

"కూర్చోరా, నీకింకా అనుభవం చాలదు."

"మరి తిమోతి సంగతేంటి నాన్నా?"

అన్న ఒక్క క్షణం తడుముకున్నాడు. "తిమోతికి అప్పటికే ముప్పై దాటాయంట్రా. పండితులు తేల్చారు."